పరిగెకు గాలము చాలును

మృగశిర కార్తె ప్రవేశించినది మొదలు మన పల్లెలలో రెండు మాటలు తరచుగా వినబడును. ఒకటి విత్తనము మాట, రెండవది చేప మాట. జూన్ నెల 7, 8 తేదీలలో కార్తె వచ్చును. ఆనాడు చేప తినవలెనను ఆచారము తెలుగు జిల్లాలలో, ముఖ్యముగా తెలంగాణమున, గట్టిగా పాతుకొనియున్నది. సరిగా ఆ దినములలోనే, తొలకరి వాన పడి వాగులో ఎర్రనీరు కదలగనే, చెరువులోని పరిగె చేప నీటికి ఎదురెక్క నారంభించును. మనము చేప కొరకు బయలుదేరు వేళయు, చేప గుడ్లు పెట్టుటకు బయలుదేరు వేళయు ఒక్కటే అయినది. ఇందువలన వచ్చిన చిక్కును గురించి రైతు సోదరులకును, గ్రామోద్యోగులకును నా అభిప్రాయము చెప్పదలచితిని.

ఆ అభిప్రాయము ఇది: పరిగె ఎదురెక్కు పక్షము దినములు వాగులలోను, అలుగు కాలువలలోను, పొలము మడవల వద్దను మావులు, బుట్టలు, వలకట్లు పెట్టరాదు. తక్కిన కాలమున ఎవరి కూరకు వారు గాలము వేసి పట్టుకొనవచ్చును. ఈ చేపకు గాలము చాలును. అంతకు మించినది పెట్టినచో ఈ సంవత్సరపు కూరతోపాటు వచ్చు సంవత్సరపు విత్తనమును కూడ తిన్నవారమగుదుము.

పరిగె అనగా ఏది?

కొన్ని చోట్ల పరిగె అనియు, కొన్ని చోట్ల పరక అనియు, పక్కె అనియు దీనిని పిలుతురు. ఇది ఒక్క జాతి కాదు. బొచ్చె, రోహు చేపలు చేరిన పెద్ద కుటుంబములోనే చేరిన చిన్న పొలుసు చేపలు పలు జాతులు ఈ పేరుతో చెల్లుచున్నవి. వానిలో మిక్కిలి సామాన్యమైనది శాస్త్రజ్ఞులు పుంటియస్ సొఫోర్ అనునది. వెండి వంటి ఒడలు, తోక మొదట ఒక నల్లని చుక్క, వీపు రెక్క అడుగున మరియొక చుక్క దీని గురుతులు. గుడ్లు పెట్టు కాలమున మగ చేప ప్రక్కన ఎర్రని చార దేరును. ఈ చిన్న పరిగెలు సాధారణముగా జానలో సగమునకు మించి పెరుగవు. గండిపరిగె అనునది వీనిలో పెద్దది. అది జానెడు, అప్పుడప్పుడు అంతకు మించియు పెరుగును. దాని మూతికి రెండు జతల మీసములు ఉండును.

ఇవి మన నీళ్ళలో పుట్టి పెరిగిన జాతులు. వీనిని ఎవరును లారీలలో తెచ్చి వదలలేదు. మేత వేసి పెంచినవారును లేరు. నాచు, నీటిపురుగులు, దోమపిల్లలు, కుళ్ళిన ఆకులు తిని బ్రతుకును. కోత కోసిన చేనిలో పేదలు ఏరుకొను కంకులను కూడ మనము పరిగె అనియే అందుము. చేనిలో పరిగె ఎట్లో చెరువులో పరిగె అట్లే. అది లేనివారికి దొరకు పంట.

ఎదురెక్కుట ఎందుకు?

గోదావరి తీరమువారికి పులస సంగతి తెలియును. సముద్రము నుండి వరద నీటికి ఎదురీది వచ్చు ఆ చేపను గురించి చెప్పుకొనని ఇల్లు లేదు. పుస్తెలమ్మియైనను పులస తినవలెనను సామెత కూడ పుట్టినది. అదే పనిని మీ ఊరి మత్తడి క్రింద, మీ పొలము ప్రక్క బోదెలో, వేలెడంత పరిగె చేయుచున్నది. దానికి సామెత పుట్టలేదు. కావున చూచువారును తక్కువ.

వేసవిలో చెరువు ఎండి తూము గుంటలోను, వాగు మడుగులలోను మాత్రమే నీరు మిగులును. గత సంవత్సరపు పరిగెలు ఆ గుంటలలో తలదాచుకొనును. తొలి వానలకు నీరు చల్లబడి, క్రొత్త మట్టి వాసనతో పారుచు వచ్చినపుడు అవి కదలును. ఆ కదలిక మూడు విధములుగా ఉండును. చెరువులోనివి పైకి, వాగునీరు చేరు చోటికిని, అచ్చట శిఖము భూములలో మునిగిన గడ్డిలోనికిని పోవును. చెరువు దిగువన వాగులో ఉన్నవి అలుగు పారినప్పుడు ఆ నీటికి ఎదురుగా మత్తడి వరకు ఎక్కును. కాలువలలోనివి మడవల గుండ దమ్ముచేసిన వరిమడులలోనికి దూరును. మూడింటికిని గమ్యము ఒక్కటే. లోతు తక్కువగా, వెచ్చగా, గడ్డి మునిగియున్న క్రొత్తనీరు వానికి కావలెను.

ఏలనగా పరిగె గుడ్డు జిగురు గుడ్డు. అది గడ్డిపోచకో, నాచుకో అంటుకొని ఉండవలెను. అంటుకొనినచో వెచ్చని నీటిలో ఒకటి రెండు దినములలోనే పిల్ల బయటపడును. బురదలో పడి కప్పబడినచో చెడును. పెద్ద చేపలు తిరుగు లోతునీటిలో పెట్టినచో తినివేయబడును. క్రొత్తగా మునిగిన మడిలో పెద్ద శత్రువులు ఇంకను చేరియుండవు. పిల్లకు కావలసిన సూక్ష్మజీవులు మాత్రము సమృద్ధిగా పుట్టును. కొన్ని వారములు అచ్చట పెరిగి, నీరు తీయు వేళకు పిల్లలు చెరువునకు దిగివచ్చును. మనము నారుమడి పోసి నారు పెంచి పొలమునకు మార్చినట్లే, చేప తన నారుమడిని తానే వెదకుకొనుచున్నది.

ఒక్క రాత్రి నష్టము

ఇట్లు ఎక్కు చేప గుంపులుగా ఎక్కును. ఇరుకైన దారిలో ఎక్కును. తరచుగా రాత్రి వేళ, వాన వెలిసిన వెంటనే ఎక్కును. కాలువకు అడ్డముగా రెండు మావులు పెట్టి, ప్రక్కలను మట్టితోను రొట్టతోను మూసినచో ఆ దారిన పోవు చేపలలో ఒక్కటియు తప్పించుకొనదు. ఇటీవల దోమతెర గుడ్డను కూడ కట్టుచున్నారు. దానినుండి గుడ్డు తప్ప మరేమియు జారిపోదు.

నేను పనిచేసిన మండలములలో ఒక ఊర మత్తడి క్రింద ఒక్క రాత్రిలో గంపలకొలది పరిగెలు పట్టుట చూచితిని. మరునాడు ఊరంతయు వండుకొన్నది. సంతకు పంపినది చవుకగా పోయినది. మిగిలినది ఎండబెట్టుటకు ఎండ లేదు, ముసురు పట్టియుండెను. సగము దిబ్బ పాలయ్యెను. ఆ చేపలను కోసిన ఆడవారు, దాదాపు ప్రతి కడుపులోను జన నిండియున్నదని చెప్పిరి.

లెక్క వేసి చూడుడు. ఒక ఆడ పరిగె కడుపులో వేలకొలది గుడ్లు ఉండును. తక్కువగా రెండు వేలే అనుకొందము. నూటికి తొంబదితొమ్మిది నశించి ఒక్కటే బ్రతికినను ఒక తల్లికి ఇరువది చేపలు తేలును. పుష్యమాసము నాటికి గాలమునకు దొరకవలసిన ఇరువది చేపలను ఆషాఢమున ఒక్క చేపగా తినివేయుట ఏమి వ్యవసాయము? విత్తనపు గాదె నుండి వడ్లు దంచుకొని తినువానిని ఊరిలో ఏమందురో మీకు తెలియును.

ఇది క్రొత్తగా పుట్టిన మాట కాదు. దేశములోని మంచినీటి చేపలను పరిశీలించిన ఫ్రాన్సిస్ డే అను శాస్త్రజ్ఞుడు, 1873లో ప్రకటించిన తన నివేదికలో, గుడ్లు పెట్టుటకు ఎక్కు చేపలను, పిల్లలను పట్టివేయుట వలన కలుగు నష్టమును విపులముగా వ్రాసెను. అదే సంవత్సరమున, దక్షిణ కన్నడ జిల్లాలో కలెక్టరుగా పనిచేసిన హెచ్. ఎస్. థామస్ అను మద్రాసు సివిల్ సర్వీసు అధికారి ఈ దేశములో గాలముతో చేపలు పట్టుటను గురించి ఒక గ్రంథము వెలువరించెను. ఆయనయు కాలువలకు అడ్డుపెట్టు బుట్టలను, పిల్లచేపల నాశనమును ఖండించినవాడే. గాలము వేయువాడు చేపను కాపాడుమని చెప్పుటలో వింత లేదు. రేపు కూడ గాలము వేయదలచినవానికే రేపటి చేప మీద ప్రీతి ఉండును.

‘కలుపు చేప’ అను మాట

చేపల పెంపకమును గురించిన పుస్తకములలో పరిగెకు ఒక పేరు కలదు. కలుపు చేప అని. బొచ్చె, రోహు, మ్రిగాల పిల్లలను వదలుటకు ముందు చెరువులోని కలుపు చేపలను తీసివేయవలెననియు, అందుకు మీటరు లోతు నీటికి హెక్టారుకు 2,500 కిలోల వంతున ఇప్పపిండి చల్లవలెననియు సలహా ఇత్తురు. నర్సరీ గుంటలకు ఈ సలహా తగినదే. అచ్చట మిక్కిలి చిన్న పిల్లలను పెంచుదురు. వాని మేతకును ప్రాణమునకును పోటీ ఉండరాదు. సొంత భూమిలో త్రవ్వుకొని, మేత కొని, అప్పుతో పెంచు చెరువులకును ఆ సలహాను నేను కాదనను.

కాని ఊరుమ్మడి చెరువు నర్సరీ గుంట కాదు. అది వందల ఎకరాలకు సాగునీరు, పశువులకు త్రాగునీరు ఇచ్చునది. అందులోని పరిగెను కలుపు అని పిలుచుట, పెరటిలో దానంతట అది మొలచిన తోటకూరను కలుపు అని పీకివేసి అంగడిలో ఆకుకూర కొనుట వంటిది.

బొచ్చె, రోహు, మ్రిగాల అను చేపలు వరద నదులలో గుడ్లు పెట్టునవి. సాధారణముగా చెరువు నిలువనీటిలో పెట్టవు. 1957 జూలై 10న ఒడిశాలో హీరాలాల్ చౌదరి, అలికున్హి గారలు పిట్యూటరీ గ్రంథి రసము ఎక్కించి మన దేశపు కార్పు చేపలచేత గుడ్లు పెట్టించుటలో విజయము పొందిరి. ఆ పద్ధతి వలననే నేడు విత్తనము లారీలకొలది దొరకుచున్నది. అది గొప్ప మేలు. తెలంగాణములో 2016–17 నుండి ప్రభుత్వము చెరువులలో చేపపిల్లలను ఉచితముగా వదలు పథకము ఆరంభించినదియు ఆ విత్తనము చేతికి అందుటవలననే. అయినను ఆ విత్తనమును ఎవరో ఒకరు ప్రతి సంవత్సరము తెచ్చి వదలవలెను. పరిగె విత్తనమును చెరువు తానే వేసికొనును. అది అడుగునది దారి మాత్రమే.

చిన్న చేప పెద్ద చేప మేతను తినివేయునను భయము కొందరికి కలదు. బంగ్లాదేశములోను, మన ఒడిశాలోను కార్పులతోపాటు మోలా అను చిన్న చేపను కలిపి పెంచుచున్నారు. పెద్ద చేప అమ్మకమునకు, చిన్న చేప ఇంటి కూరకు. ఈ మోలా మన చెరువులలోను కలదు, పరిగెల గుంపులోనే కలిసి వచ్చును. నూరు గ్రాముల మోలాలో 2,500 మైక్రోగ్రాములకు మించి విటమిన్ ఏ ఉన్నట్లు బంగ్లాదేశములో జరిగిన పరిశోధనలలో తేలినది. అందులో అధికభాగము కన్నులలోను, కడుపులోను ఉండును. కావున తల కోసి పారవేయరాదు. చిన్న చేపలను ముల్లుతో సహా నమిలి తినుట వలన ఎముకకు బలమిచ్చు కాల్షియము కూడ చేరును. పెద్ద చేప ముక్కలో ముల్లు తీసి పారవేయుదుము గనుక ఆ లాభము లేదు. బాలింతలకు, పెరుగు పిల్లలకు ఇంతకంటె చవుకయైన ఆహారము పల్లెలో మరేమి కలదు?

కలుపు అను పేరు పెట్టదలచినచో దానికి తగినవి వేరే కలవు. 1952లో మన దేశమునకు తెచ్చిన మొజాంబిక్ తిలాపియా అనేక చెరువులలో అంతులేక పెరిగినది. ఆఫ్రికా మార్పు అను క్యాట్‌ఫిష్ పెంపకమును ప్రభుత్వము 2000లో నిషేధించినది. అది దొరకిన చిన్న చేపనెల్ల మ్రింగునది. అట్టివానిని వదలనీయకుండుట గ్రామోద్యోగుల బాధ్యత.

గాలము వేయు తీరు

గాలమును పనిలేనివాని పనిగా చూచుట మనకు అలవాటు. నా దృష్టిలో ఈ చేపకు అదియే తగిన పనిముట్టు. గాలము ఒక్కొక్క చేపనే తీయును. చేతికి వచ్చిన చేపను చూచి ఉంచుకొనుటయో వదలుటయో నిర్ణయించుకొనవచ్చును. పిల్లచేప నోట అది పట్టదు. దారిని అది మూయదు. ఇంటికి కూర చాలినంతనే మనిషి లేచి ఇంటికి పోవును. మావు అట్లు కాదు. యజమాని నిద్రించుచున్నను అది పట్టుచునే ఉండును.

పరిగె నోరు చిన్నది. కావున అంగడిలో దొరకు గాలములలో మిక్కిలి చిన్నదానిని తీసుకొనవలెను. గాలము కొనకు లోవైపున ఉండు ముల్లును పటకారుతో నొక్కి అణచినచో, వదలదలచిన చేప నోరు చినుగక ఊడివచ్చును. కర్రకు ఆరు మొదలు ఎనిమిది అడుగుల సన్నని వెదురు చాలును. దారము సన్నని నైలానుది ఉండవలెను. బెండుకు జీలుగ బెండు ముక్కగాని, నెమలి ఈక కాడగాని మేలు. బరువైన బెండు కట్టినచో పరిగె కొరికినట్లే తెలియదు.

ఎరకు వానపామును చిన్న తునకలుగా చేసి, గాలపు కొన మాత్రము కప్పునట్లు గ్రుచ్చవలెను. గోధుమపిండిలో కొంచెము తెలకపిండి కలిపి గట్టిగా పిసికిన ముద్దయు పనికివచ్చును. వాన తరువాత లేచు ఉసిళ్ళు దొరకినచో అంతకు మించిన ఎర లేదు. ముందుగా పిడికెడు తవుడు తడిపి నీటిలో చల్లి కొంతసేపు ఆగినచో గుంపు చేరును. తుంగ, తామర ఉన్న చోట అంచున, మోకాలి లోతు మొదలు నడుము లోతు వరకు ఉన్న నీటిలో, ఉదయము ఎండ ఎక్కకముందును సాయంకాలమునను వేయవలెను. పరిగె కొరకునపుడు బెండు తుణుకు తుణుకున ఆడును. అప్పుడు తొందరపడరాదు. బెండు ఒక ప్రక్కకు జారిపోవునపుడు మణికట్టుతో మెల్లగా ఎత్తిన చాలును.

భాద్రపదము మొదలు మాఘము వరకు, నీరు తేటపడి చెరువు నిండుగా ఉన్న కాలము గాలమునకు మంచిది. కడుపు ఉబ్బి పైనుండి చూచినను గుండ్రముగా కనబడు చేప జన చేప. దానిని తడిచేతితో పట్టి, నొక్కక, విసరక, నీటిలోనికి జారవిడువవలెను. చేప ఎదురెక్కు పక్షము దినములలో మత్తడి క్రింద గుంపు చేరియున్న చోట గాలము కూడ వేయకుండుటయే మర్యాద. చెరువు మత్స్యకారుల సంఘమువారి అధీనములో ఉన్న ఊళ్ళలో వారి అనుమతి పొంది వేయవలెను.

వచ్చు ఆక్షేపణలు

ఈ మాట చెప్పినపుడు పల్లెలలో మూడు ఆక్షేపణలు వచ్చును.

మొదటిది ఆచారము. మృగశిర నాడు చేప తినవలెను గదా అందురు. తినుడు. ఆచారము చేప తినుమన్నదిగాని జన పరిగెనే తినుమనలేదు. సంఘమువారు వేసవిలో వలవేసి తీసిన బొచ్చె, రోహు ఆనాటికి అంగడిలో దొరకును. వానిని వచ్చు సంవత్సరము మరల వదలుకొందుము.

రెండవది పేదల మాట. మావు పెట్టువాడు పేదవాడే, వాని నోటి కూడు తీయుదురా అందురు. ఇది త్రోసివేయదగిన మాట కాదు. అయితే ఆషాఢపు ముసురులో ఒక్క రాత్రి గంపెడు పట్టి చవుకగా అమ్ముకొనువానికి లాభమా, ఆశ్వయుజము మొదలు ఫాల్గుణము వరకు దినమునకు ఒక కూరకు సరిపడు చేప చెరువులో ఉండుట లాభమా? పేదవానికి కావలసినది రెండవది. ఈ పక్షము దినములలో చేపల వేటయే వృత్తియైనవారికి పని తప్పినచో, చెరువు గట్టు మరమ్మతు, తూటికాడ తీయుట వంటి పనులలో వారికి మొదటి చోటు ఇచ్చుట పంచాయతీకి న్యాయము.

మూడవది పొరుగూరి మాట. మేము మానినచో క్రిందియూరివారు పట్టుకొందురు, మాకేమి మిగులును అందురు. గొలుసు చెరువులు ఉన్న చోట ఇది నిజమైన చిక్కు. ఒక వాగు మీది ఊళ్ళు అన్నియు కలిసి ఒకే కట్టుబాటు చేసికొనుట తప్ప దీనికి వేరు మందు లేదు. నీటి వంతులను కలిసి ఏర్పాటు చేసికొన్న ఊళ్ళకు చేప వంతు కష్టము కాదు. తూర్పు తీరమున ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు 61 దినములు మరపడవల సముద్రపు వేట నిలిపివేయుచున్నారు. అంత పెద్ద సముద్రమునకు విశ్రాంతి అవసరమైనపుడు మన చెరువునకు పక్షము దినములు ఎక్కువ కాదు.

ఊరు చేయదగిన పనులు

కట్టుబాటును తేదీని బట్టి గాక నీటిని బట్టి చేసికొనవలెను. తెలంగాణము, ఉత్తరాంధ్ర జిల్లాలలో క్రొత్తనీరు మృగశిర, ఆరుద్ర, పునర్వసు కార్తెలలో వచ్చును. నెల్లూరు, చిత్తూరు ప్రాంతముల చెరువులకు ఈశాన్య ఋతుపవనము ప్రధానము గనుక అచ్చట ఆశ్వయుజ కార్తికములలో నిండును. వాగులో నీరు సాగి చెరువు చేరిన దినము మొదలు ఒక పక్షము, తరువాత అలుగు మొదటిసారి పారిన దినము మొదలు మరియొక పక్షము అని నిర్ణయించుకొనుట మేలు. నీరటి ఉన్న ఊళ్ళలో అతడే ఆ దినమును చాటింపు వేయించవచ్చును.

మడవల వద్ద పిల్ల దిగివచ్చు వేళ దోమతెర గుడ్డలు కట్టనీయరాదు. వేసవిలో తూము గుంటను కడపటి చుక్క వరకు తోడి చేప పట్టరాదు. ఆ గుంటలో మిగిలిన గుప్పెడు చేపలే వచ్చు తొలకరికి తల్లులు.

మత్తడి మరమ్మతులో ఒక చిన్న సంగతి గమనింపవలెను. 2015లో ఆరంభమైన మిషన్ కాకతీయ వంటి కార్యక్రమములలో వేలకొలది చెరువులు బాగుపడినవి. ఎక్కడ పని జరిగినను, అలుగు దిగువన సిమెంటు గోడ నిట్టనిలువుగా కట్టినచో చేప ఎక్కలేదు. ఒక ప్రక్కన రెండు మూడు గజముల వెడల్పున పెద్ద రాళ్ళు వాలుగా పేర్చి, వాని నడుమ నీరు మెల్లగా జారునట్లు చేసినచో పరిగె రాయి రాయి చాటున ఆగుచు ఎక్కిపోవును. ఖర్చు స్వల్పము. పని అంచనా వేయు సమయముననే ఇంజనీరుకు చెప్పవలెను.

వరిలో పురుగుమందు చల్లినపుడు మడి నీరు వెంటనే కాలువలోనికి వదలరాదు. పైరెత్రాయిడ్ జాతి మందులు చేపలకు మిక్కిలి విషము. పురుగు ఉధృతిని చూచి అవసరమైనప్పుడే మందు వాడవలెను. చల్లిన తరువాత మడవ కట్టి నీటిని మడిలోనే నిలుపవలెను. మందు డబ్బాలను, స్ప్రేయరును బోదెలో కడుగరాదు.

నీటిలో విషము కలిపియు, తోటాలు పేల్చియు చేపలను చంపుట 1897 నాటి భారత మత్స్య చట్టము ప్రకారము నేరము. కాలువకు అడ్డముగా పాతిన బుట్టలను, వలల కన్ను పరిమాణమును నియంత్రించుటకు నియమములు చేయు అధికారము కూడ ఆ చట్టము ప్రభుత్వమునకు ఇచ్చినది. కరెంటు తీగను నీటిలో వేసి పట్టుట చేపకే గాక మనిషికిని మృత్యువు. ఇట్టివి జరిగినచో గ్రామోద్యోగులు చూచి చూడనట్లు ఊరకుండరాదు. తక్కిన విషయములలో చట్టముకంటె గ్రామసభ తీర్మానమే ఎక్కువ పని చేయును. పోలీసు లేని రాత్రి వేళ మడవ వద్ద మావు పెట్టువానిని ఆపగలిగినది పొరుగువాని మాట ఒక్కటే.

రైతు సోదరులారా, మన చెరువులలో ఏ చేప ఉండవలెనో నిర్ణయించుటకు శాఖలు, సంఘములు, పథకములు కలవు. పరిగె పక్షమున మాటలాడుటకు ఎవరును లేరు. అది టన్నులలో ఎగుమతి అగునది కాదు, బహుమతి తెచ్చునది కాదు. మన పిల్లలకు ముల్లుతో సహా నమలదగిన కూరను సంవత్సరము పొడుగున ఇచ్చునది మాత్రము. రాబోవు తొలకరికి మీ ఊరి వాగులో ఎర్రనీరు కదలకమునుపే ఒక సాయంకాలము కూర్చుండి ఈ కట్టుబాటు మాట ముగించుకొనుడు. మావులను అటకమీద పెట్టుడు. గాలపు కర్రను చూరులో దోపియుంచుడు. భాద్రపదము వచ్చును, నీరు తేటపడును, అప్పుడు దానికి పని దొరకును.